రిటైర్మెంటుకు రెండేళ్లున్న లోకో పైలట్: డ్యూటీ చూసుకుంటూ మోడల్ రైలు ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చెన్నైలో గూడ్స్ లోకో పైలట్, సర్వీసు ఇంకా రెండేళ్లు. ప్రస్తుతం పెరంబూరులో రైల్వే క్వార్టర్, రిటైరయ్యాక ఆవడి దగ్గర సొంత ఫ్లాట్. అందులో 11×10 అడుగుల చిన్న గది మీకిచ్చేందుకు ఇంట్లో ఒప్పుకున్నారు. మోడల్ సైజుల్లో కాస్త పెద్దదైన హెచ్‌ఓ స్కేలా, ఇంకా చిన్నదైన ఎన్ స్కేలా? ఇప్పుడే మొదలుపెట్టాలా, పెన్షన్ వచ్చాకా?

ఇప్పుడే మొదలుపెట్టండి. అయితే క్వార్టర్లో లేఅవుట్ (పట్టాలు, స్టేషనుతో కదలకుండా బిగించిన మొత్తం అమరిక) కట్టొద్దు. విడదీసి లిఫ్టులో పెట్టుకుని పోగలిగే మాడ్యూళ్లు కట్టండి, చేతికి పని అలవాటు చేసుకోండి, పెద్ద ఖర్చులు రిటైరయ్యాక పెట్టుకోండి. క్వార్టర్ ఖాళీ చేసేదాకా గ్రాట్యుటీ ఆపేస్తారని మీకు తెలియంది కాదు. గోడకు మేకులు కొట్టి కట్టిన 8×4 టేబుల్‌ని ఆఖరి నెలలో రంపంతో కోసి తీయాల్సి వస్తే మనసూ విరుగుతుంది, పాయింట్లూ (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే పట్టా ముక్కలు) విరుగుతాయి.

ముందు టైము సంగతి, ఎందుకంటే రన్నింగ్ స్టాఫ్‌కి, అంటే బండి నడిపే సిబ్బందికి, అసలు చిక్కు అక్కడే. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసొస్తే హెడ్‌క్వార్టర్లో 16 గంటల రెస్టు. చూడ్డానికి చాలా ఉన్నట్టే ఉంటుంది. ఇంటికి రావడం, స్నానం, భోజనం, ఏడెనిమిది గంటల నిద్ర, ఇంటి పనులు, మళ్లీ డ్యూటీకి కాల్ రావడం, లాబీకి (డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే చోటికి) వెళ్లడం, అన్నీ తీసేస్తే మిగిలేది గంటో గంటన్నరో. ఆ గంటను మోడల్‌కి రాసిచ్చారంటే అది నిద్రలోంచే తెగుతుంది. నా మాట వినండి, 16 గంటల రెస్టును పూర్తిగా వదిలేయండి. పనికి పీరియాడికల్ రెస్టే వాడండి. నెలకు 30 గంటలవి నాలుగో, 22 గంటలవి ఐదో వస్తాయి కదా, వాటిల్లోనూ మొదటి సగం నిద్రకే. అలా నెలకు ఓ పది పన్నెండు గంటలు చేతికొస్తే రెండేళ్లలో నాలుగు మాడ్యూళ్లు, ఓ డజను వ్యాగన్లు సుఖంగా అవుతాయి.

సెలవుల లెక్క కూడా చూసుకోండి. రిటైరయ్యేటప్పుడు ఎన్‌క్యాష్ చేసుకోగలిగేది 300 రోజులే. మీ ఎల్‌ఏపీ (జీతంతో కూడిన సెలవు) ఖాతా ఆ గీతకు ఆనుకుని ఉంటే పైన జమయ్యేవి వృథాగా పోతాయి. వాటిని మూడేసి, నాలుగేసి రోజులుగా తీసుకుని వడ్రంగం, వైరింగ్ లాంటి మధ్యలో ఆపలేని పనులు అప్పుడు పెట్టుకోండి.

రాత్రి డ్యూటీ దిగిన రోజు సోల్డరింగ్ ఐరన్, కటింగ్ నైఫ్ రెండూ ముట్టుకోవద్దు. బొటనవేలు కోసుకుంటే బ్రేక్ హ్యాండిల్ పట్టుకోవాల్సిన చెయ్యి అది. ఇంకో చిన్న విషయం: పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాం. కాల్ వచ్చాక ఆ సీసా మూత తీయకండి. చేతులకి, బట్టలకి ఆ ఆవిరి పట్టుకుని లాబీలో బ్రీత్ ఎనలైజర్ ముందు నిలబడితే ఎవరికి సమాధానం చెప్పుకుంటారు? పట్టాలు తుడిచే పని రెస్టు మొదట్లోనే ముగించండి.

మధ్యలో ఆపగలిగే పనులకు ఒక ట్రే పెట్టుకోండి. ఏ3 కాగితం సైజు స్టీలు ట్రే, మూత ఉన్నదైతే మరీ మంచిది. ఒక ట్రేలో ఒకే వ్యాగను కిట్టు, దానికి కావలసిన పనిముట్లు. ఫోన్ మోగితే మూత పెట్టి అల్మారాలో తోసేయడమే. రన్నింగ్ రూముకి (బయటి ఊళ్లో సిబ్బంది విశ్రాంతి గదికి) జిగురు, బ్లేడు తీసుకెళ్లకండి, పక్క మంచం మీదాయన నిద్ర ఆయన హక్కు. అక్కడ పెన్సిలు, గళ్ల పుస్తకం చాలు. ట్రాక్ ప్లాన్ గీయడానికి దాన్ని మించిన చోటు లేదు.

సర్వీసులో ఉన్నంతకాలం మూడు విషయాల్లో జాగ్రత్త. క్యాబ్‌లోంచి మోడల్ కోసమని ఫొటోలు, వీడియోలు తీయొద్దు. దారిలో చూసిన గేటు గుమ్టీ రంగు, స్టేషన్ బోర్డు రాతలు ఇంటికొచ్చాక పుస్తకంలో రాసుకోండి. కొలతలకీ ఫొటోలకీ విల్లివాక్కం వైపు ఐసీఎఫ్ (రైలు బోగీల ఫ్యాక్టరీ)ని ఆనుకుని ఉన్న రైల్ మ్యూజియంకి టికెట్ కొనుక్కుని వెళ్లండి. పాత బోగీలు, ఇంజిన్లు బయటే నిలబెట్టి ఉన్నాయి, టేపు పట్టుకుని తిరిగినా ఎవరి డ్యూటీకీ అడ్డం కాదు. రెండోది, షెడ్డు స్క్రాపులో పడున్న నంబర్ ప్లేటు, హ్యాండ్ సిగ్నల్ ల్యాంపు, టోకెన్ బంతి, ఏదైనా సరే, ‘ఎవరికీ అక్కర్లేదుగా’ అని ఇంటికి తెచ్చుకోవద్దు. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గరుంచుకోవడం మీద 1966 నాటి చట్టం ఉంది, ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) ఉంది. రిటైర్మెంటు ముంగిట కేసు అంటే సెటిల్‌మెంట్ మొత్తం ఆగిపోతుంది. మూడోది, మీరు చేసిన మోడళ్లు అమ్మడం. కాండక్ట్ రూల్స్ ప్రకారం ముందు అనుమతి లేకుండా వ్యాపారం కుదరదు. అమ్మకాలు రిటైరయ్యాకే పెట్టుకోండి, ఇప్పుడు మాత్రం చేసి దాచుకోండి.

ఇక స్కేలు. మీ గదికి, మీ వయసుకి నా ఓటు హెచ్‌ఓకే. ఎన్ స్కేల్లో రైలు పొడుగ్గా పట్టే మాట నిజమే, కానీ ఎన్ వ్యాగను చక్రం అంచు, కప్లర్ స్ప్రింగు అరవై దాటిన కంటికి రోజూ పరీక్షే. యాభై అయిదు దాటాక మీకు ఏటా పీఎంఈ (రైల్వే వైద్య పరీక్ష) జరుగుతుంది కాబట్టి దూరపు చూపు గురించి బెంగ లేదు. మోడల్ పనికి కావలసింది మాత్రం అరడుగు దూరపు చూపు. రెండు, రెండున్నర రెట్లు పెద్దది చేసే తలకట్టు భూతద్దం, తెల్లటి ఎల్‌ఈడీ బల్ల దీపం మొదటి రోజే కొనండి.

హెచ్‌ఓ అంటే 1:87. ఇక్కడ మీలాంటి వాళ్లను ఒక విషయం ఇబ్బంది పెడుతుంది. హెచ్‌ఓ ట్రాక్ గేజ్ 16.5 మి.మీ., అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయేది. మన బ్రాడ్ గేజ్ 1676ని 87తో భాగిస్తే 19.26 రావాలి. అంటే మన వాప్-7 (ప్యాసింజర్ బండ్లు లాగే కరెంటు ఇంజిను) బాడీని హెచ్‌ఓ కొలతలో చేసి 16.5 పట్టా మీద పెడితే ఎదురుగా చూసినప్పుడు కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడినట్టుంటుంది. పక్కనుంచి చూస్తే తెలియదు. చేతితో 19.26 ట్రాక్ వేసుకోవచ్చు, కానీ ప్రతి పాయింటు, ప్రతి చక్రం మీరే తయారు చేసుకోవాలి. అది రెండో జన్మకు వదిలేయండి. నిజంగానే గేజ్ కంటికి ఆనకపోతే మీటర్ గేజ్ చేయండి. 1000 మి.మీ. అంటే హెచ్‌ఓలో 11.5, బజారులో దొరికే 12 మి.మీ. ట్రాక్‌కి అర మి.మీ. తేడా అంతే. 1931 నుంచి బీచ్–తాంబరం మధ్య కరెంటుతో నడిచిన మీటర్ గేజ్ లోకల్స్ 2004 దాకా మద్రాసు వాళ్ల కళ్ల ముందు తిరిగాయి. చిన్న బోగీలు, చిన్న వంపులు, గదికి అతికినట్టు సరిపోతాయి. నీలగిరి రైలు కూడా మీటర్ గేజే. కల్లార్ నుంచి కూనూరు దాకా దాని పళ్ల పట్టా మోడల్లో తేవడం డబ్బుతోనూ ఓపికతోనూ కూడిన పని కాబట్టి మొదటి లేఅవుట్‌గా వద్దు.

బ్రాడ్ గేజ్ అనుకునే లెక్క సాగిద్దాం. పొడవుల విషయంలో మొదటే కళ్లు తెరవాలి:

ఎల్‌హెచ్‌బీ (కొత్త తరహా ప్యాసింజర్) బోగీ 24 మీటర్లు, హెచ్‌ఓలో 276 మి.మీ.
ఐసీఎఫ్ (పాత తరహా ప్యాసింజర్) బోగీ బఫర్లతో 22.3 మీటర్లు, 256 మి.మీ.
వాప్-7 20.56 మీటర్లు, 236 మి.మీ.
బాక్స్-ఎన్ (పైకప్పు లేని గూడ్సు) వ్యాగను 10.71 మీటర్లు, 123 మి.మీ.

మీరు రోజూ లాగే 58 వ్యాగన్ల రేకు (వ్యాగన్ల పూర్తి వరస) హెచ్‌ఓలో ఇంజిను కాకుండానే 7.1 మీటర్లు. ఆ రేకు నిలబడే 686 మీటర్ల లూపు (స్టేషన్లో మెయిన్ లైను పక్కన బండి ఆగే లైను) 7.9 మీటర్లు. మీ గది పొడుగు గోడ 3.35 మీటర్లు. కాబట్టి రేకు సంగతి మరిచిపోండి. గది ఒప్పుకునేది ఇంజిను, మూడు ఐసీఎఫ్ బోగీలు, లేదా ఇంజిను, ఏడు బాక్స్-ఎన్‌లు. రెండూ ఒకటీ ఒకటింబావు మీటరు లోపే. మూడు బోగీల రైలుతో మెయిన్ లైను జంక్షన్ చేస్తే బొమ్మలా ఉంటుంది, అదే ఒక బ్రాంచి లైను ఆఖరి స్టేషన్‌లో పెడితే అక్కడే పుట్టినట్టు ఉంటుంది. అరక్కోణం–చెంగల్పట్టు సింగిల్ లైను మీద చిన్న స్టేషన్లు గమనించండి, ఒక లూపు, ఒక గూడ్సు సైడింగు, వేపచెట్టు, నీళ్ల ట్యాంకు. మీరు చేయగలిగింది, చేశాక చూసి తృప్తిపడగలిగింది ఆ సైజే. మెయిన్ లైను డ్యూటీ చేసినవాళ్లకి షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి కూర్చడం) పజిలుగా ఉండే చిన్న స్టేషనే ఎక్కువ రోజులు ఆసక్తి నిలబెడుతుందని నా అభిప్రాయం. గుండ్రంగా తిరిగే రైలును చూస్తూ కూర్చోవడం వారంలో విసుగొస్తుంది.

గదిలో అమరిక ఇలా: పొడుగు గోడకు మూలలో 900×900 మి.మీ. ముక్క ఒకటి, దాని పక్కన 1200×400 మాడ్యూళ్లు రెండు. మొత్తం 3300, గోడ 3350. పొట్టి గోడ మీద మూల ముక్క తర్వాత ఒక 1200 మాడ్యూలు, మిగిలిన తొమ్మిది వందల చిల్లర తలుపుకి. మాడ్యూలు లోతు 400, మెయిన్ లైను గోడ నుంచి 200 దగ్గర పోతే మూల ముక్కలో వంపు వ్యాసార్థం 700 మి.మీ. వస్తుంది. పొడవైన బోగీకి మూడు రెట్ల వ్యాసార్థం ఉండాలని ఓ మోటు లెక్క, ఎల్‌హెచ్‌బీకి 828 కావాలి, ఐసీఎఫ్‌కి 768. 700లో ఐసీఎఫ్ బోగీ తిరుగుతుంది, కప్లర్ బోగీ బాడీకి బిగించి ఉంటే కొంచెం పక్కకి లాగుతుంది. అదే సెట్ ట్రాక్‌లో దొరికే 438 వంపులో పెడితే ఐసీఎఫ్ బఫర్లు ఒకదానితో ఒకటి మెలిపడి పట్టా దిగుతాయి. దిగాక చాలామంది చక్రాలను అనుమానిస్తారు, తప్పు వంపుది.

పొడుగు గోడ మీది రెండు మాడ్యూళ్లు స్టేషను. ఆ చివర 280 మి.మీ. హెడ్‌షంట్, అక్కడ ఇంజిను కప్లర్ విప్పుకుని లూపు మీదుగా వెనక్కి వస్తుంది. పెకో కంపెనీ స్ట్రీమ్‌లైన్ రకం మీడియం పాయింట్లు రెండు లూపుకి, ఒకటి సైడింగుకి. లూపు మధ్య దూరం కొత్త పనుల్లో వేసే 5.3 మీటర్లను బట్టి 61 మి.మీ. పెట్టండి. పెకో పాయింటుని అలాగే కలిపేస్తే 51 వస్తుంది, వేళ్లు పట్టక పక్క రైలు పడిపోతుంటుంది. అన్నీ పోను లూపులో 1.4 మీటర్ల దాకా నిలబడే చోటు దక్కుతుంది, మూడు బోగీలకి చాలు. పొట్టి గోడ మీది మాడ్యూలులో పట్టాలు బిగించొద్దు. అక్కడ 1200×90 మి.మీ. ప్లైవుడ్ పలకల మీద ఒక్కో పట్టా వేసి, మూడు పలకలు చేసుకోండి. రైలు ఏ పలక మీద ఉంటే ఆ పలకని తెచ్చి లైనుకి ఆనించడమే. ఒక్క పాయింటు కూడా లేకుండా మూడు రోడ్ల యార్డు.

ప్లైవుడ్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, చెన్నై గాలి అలాంటిది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వద్దు. ఒక్క వానాకాలానికి అంచులు ఉబ్బి కీళ్ల దగ్గర పట్టాలు మెట్టు కడతాయి. ఐఎస్ 710 ముద్ర ఉన్న 12 మి.మీ. ప్లైవుడ్, 8×4 షీట్ ఒకటి తీసుకుని దుకాణంలోనే కోయించండి. నిలువుగా మూడు, అడ్డంగా రెండు, రంపం తినే మందం పోను 1215×400 ముక్కలు ఆరు వస్తాయి. మూడు మాడ్యూళ్లకు పై పలకలు, మిగిలిన మూడింటిలోంచి 75 మి.మీ. పట్టీలు కోసి చట్రాలు. మూల ముక్కకి ఇంకో సగం షీట్ వేరే కావాలి, దాని ముందు మూల ఐమూలగా కోసేస్తే కడుపుకి తగలదు. అడ్డ పట్టీ 400 మి.మీ.కి ఒకటి, జిగురు, స్క్రూ రెండూ. ఒక్కో మాడ్యూలు ఏడు కిలోల లోపే, ఒంటి మనిషి మోసుకుపోవచ్చు.

కోసిన అంచులకి రెండు పూతలు ప్రైమరు, అడుగు వైపు కూడా రంగు. పైన రంగేసి అడుగు వదిలేస్తే తేమ ఒకవైపే లాగి పలక దోసెలా వంగుతుంది. ఎత్తు 1100 మి.మీ. పెట్టండి. నడుము వంచక్కర్లేదు, 2015, 2023 డిసెంబరుల్లాంటి వానలొచ్చి గ్రౌండ్ ఫ్లోర్లోకి నీళ్లొచ్చినా అందవు. డబ్బాలు మంచం కింద మాత్రం దాచకండి. బెంగళూరులో ఉన్నవాళ్లకి ఈ తేమ బాధ సగం కూడా ఉండదు, అక్కడ మామూలు ప్లైతో నెట్టుకురావచ్చు.

మాడ్యూళ్ల కీలు బాగా కుదిరితే సగం లేఅవుట్ అయిపోయినట్టే. రెండు మాడ్యూళ్ల చివరి పట్టీలను సి-క్లాంపుతో కలిపి బిగించి, రెండింటికీ ఒకేసారి 8 మి.మీ. రంధ్రాలు రెండు వేయండి. విడివిడిగా కొలిచి వేస్తే ఎప్పటికీ కలవవు. ఎం8 బోల్టులు, రెండు వైపులా వాషర్లు. బోల్టులు బిగించి ఉన్నప్పుడే కీలు మీదుగా పట్టాని ఒకే ముక్కగా వేయాలి. కీలుకి రెండు వైపులా అంచు నుంచి 5 మి.మీ. లోపల రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు పట్టీ స్లీపరులా స్క్రూలతో దించి, రెండు పట్టాలకి మధ్య రాగిని గీరి వేరు చేసి, పట్టాని దానికి సోల్డర్ చేయండి. అన్నీ చల్లారాక సన్న రంపంతో కీలు గీత మీద పట్టా కోయండి. ఇలా చేస్తే వందసార్లు విప్పి బిగించినా పట్టా కదలదు. ప్లాస్టిక్ స్లీపర్ల మీద నమ్మకం పెట్టి కోస్తే మొదటి షిఫ్టింగులోనే పట్టా చివర ఊడి వస్తుంది.

ఎండకి పట్టా సాగే విషయం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఎల్‌డబ్ల్యూఆర్ (వెల్డింగుతో కలిపేసిన పొడవాటి పట్టా) మీద బండి నడిపినవారు. నికెల్ సిల్వర్ 914 మి.మీ. ముక్క 20 డిగ్రీల తేడాకి 0.3 మి.మీ. సాగుతుంది. ఒక విజిటింగ్ కార్డు మందం. డిసెంబరులో పట్టా వేస్తుంటే ప్రతి జాయింటులో కార్డు ముక్క పెట్టి, బిగించాక తీసేయండి. మే నెల మధ్యాహ్నం వేస్తుంటే ఖాళీ వదలక్కర్లేదు. జాయింట్లన్నీ సోల్డర్ చేసేసి, పై అంతస్తు గదిలో పెట్టినవాళ్లకి ఏప్రిల్ వచ్చేసరికి పట్టా పాములా పక్కకి బకిల్ అవుతుంది. 700 వంపులో ఉన్న జాయింటు ఒక్కటి సోల్డర్ చేయండి, లేకపోతే అక్కడ కోణం పడుతుంది. మిగతావి వదిలేయండి.

జాయింట్లు వదిలేశాం కాబట్టి కరెంటు కోసం జాయినర్ల (పట్టా ముక్కలను కలిపే లోహపు తొడుగుల) మీద ఆధారపడకూడదు. ప్రతి పట్టా ముక్కకీ రెండు వైపులా ఒక్కో తీగ కిందికి దించాలి. 0.5 చదరపు మి.మీ. తీగ, పొడవు 200 మి.మీ. మించకుండా, కింద 1.5 చదరపు మి.మీ. బస్సుకి (అన్ని మాడ్యూళ్ల అడుగునా పోయే ప్రధాన తీగల జతకి). బస్సు ఎర్రది, నల్లది, అన్ని మాడ్యూళ్లలోనూ ఎర్రది గోడవైపు పట్టాకే. ఈ ఒక్క నియమం తప్పితే మాడ్యూళ్లు కలిపిన మరుక్షణం షార్ట్. మాడ్యూళ్ల మధ్య కనెక్టరుకి రిచీ స్ట్రీట్‌లో డ్రోన్ బ్యాటరీలకి అమ్మే పసుపు ఎక్స్‌టీ-60లు తెచ్చుకోండి, తిరగేసి పెట్టలేం, కరెంటు బోలెడు తట్టుకుంటాయి. బెంగళూరు వాళ్లకి ఎస్‌పీ రోడ్డు.

సోల్డర్ 60/40, 0.8 మి.మీ. పట్టాకి 25 వాట్ల ఐరన్ చాలదు, దాన్ని ఎక్కువసేపు ఆనించేసరికి స్లీపర్లు కరుగుతాయి. 50–60 వాట్లది, కొన బాగా వేడెక్కాక, పట్టా బయటి పక్క గీరి ఫ్లక్స్ రాసి, రెండు మూడు సెకన్లలో ముగించాలి. రెండు వైపులా తడి టిష్యూ ముద్ద పెట్టండి. వేడి ఎక్కువ ఉండి తక్కువసేపు తగలడమే రహస్యం. సీసం ఉన్న సోల్డర్ కాబట్టి చేతులు కడుక్కునే దాకా మిక్చర్ పొట్లం ముట్టుకోవద్దు.

ఒక్క ఇంజినుతో షంటింగ్ అంటే 12 వోల్టుల మామూలు డీసీ కంట్రోలర్ సరిపోతుంది. కానీ లోకో పైలట్‌కి డీసీసీలోనే (పట్టా మీదుగా ఇంజినుకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) అసలు మజా ఉంది: ఇంజిను సెట్టింగుల్లో సీవీ-3, సీవీ-4 విలువలు 25–30కి పెంచితే బండి వేగం అందుకోవడానికీ ఆగడానికీ టైము తీసుకుంటుంది, నాచ్ వేసి చూడాల్సిందే. ఆ ఆదేశాలు పంపే ఖరీదైన బ్రాండు కమాండ్ స్టేషన్లు ఇప్పుడే వద్దు. ఆర్డ్యునో మెగా బోర్డు, దాని మీద మోటార్ షీల్డు, డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, 14–15 వోల్టుల 3 ఆంపియర్ల సప్లై, ఇవి చాలు. ఎర్ర మోటార్ షీల్డు వాడితే అడుగున ‘విన్ కనెక్ట్’ అనే జంపర్ గీతను తప్పక కోసేయాలి, లేకపోతే ఆ 15 వోల్టులు నేరుగా ఆర్డ్యునోలోకి పోతాయి. దానికి వైఫై బోర్డు కలిపితే ఫోన్‌నే థ్రాటిల్‌గా వాడుకోవచ్చు. పట్టా వేశాక ప్రతి మాడ్యూలు చివరా ఒక రూపాయి బిళ్ల రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. కమాండ్ స్టేషన్ వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే ఆ చోట తీగ సన్నంగా ఉందో, సోల్డర్ వదులుగా ఉందో అర్థం. అలాగే వదిలేస్తే రేపు నిజంగా బండి దిగినప్పుడు బోగీ ఫ్రేమ్ కరిగిపోయే దాకా తెలియదు.

పాయింట్లకి చవక సర్వో మోటార్లు బాగా పనిచేస్తాయి, పెకో పాయింటులోని స్ప్రింగు తీసేశాక మాత్రమే. తీయకపోతే సర్వో దాంతో కుస్తీ పట్టి గుయ్యిమంటూ వేడెక్కుతుంది. ఫ్రాగ్‌కి (పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటికి) పోలారిటీ మార్చే మైక్రో స్విచ్ కలపడం మరవద్దు, షంటింగ్ వేగంలో ఇంజిను ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

వ్యాగన్ల విషయంలో రెండే పరీక్షలు. చక్రాల లోపలి అంచుల మధ్య దూరం, మన బీజీలో 1600 చూసినట్టే, హెచ్‌ఓలో సుమారు 14.4 మి.మీ. ఉండాలి. వెర్నియర్‌తో ప్రతి జతా చూడండి. రెండోది బరువు: ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) లెక్క ప్రకారం ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో అంగుళానికి అర ఔన్సు. బాక్స్-ఎన్‌కి దాదాపు 97 గ్రాములు, ఐసీఎఫ్ బోగీకి 170. తేలిక వ్యాగను ఖాళీ రేకు మధ్యలో పెట్టి వెనక్కి తోస్తే వంపులో పైకి లేచిపోతుంది.

బాలాస్ట్‌కి ఎం-శాండ్ జల్లించుకోండి. మన 65 మి.మీ. రాయి హెచ్‌ఓలో 0.75 మాత్రమే, అంతకంటే లావుది జల్లెడలో వదిలేయండి. అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేయకపోతే ఇంజిను మోటారు దాన్ని లాగేసుకుంటుంది. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు, ఒక చుక్క గిన్నెల సబ్బు. చెట్లు, గడ్డి, ఇళ్ల గురించి ఇప్పుడు ఆలోచించకండి.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు ధర చూసి మురిసిపోకండి. మోడల్ రైళ్లు కస్టమ్స్ దృష్టిలో బొమ్మల పద్దు. సుంకం, ఐజీఎస్‌టీ, కొరియరు వాళ్ల చార్జీలు అన్నీ కలుపుకుని చూడాలి. పైగా 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకి బీఐఎస్ ముద్ర తప్పనిసరి కాబట్టి ‘టాయ్’ అని రాసిన పార్సిళ్లు ఇరుక్కుంటాయి. పెద్దల కోసం తయారైన స్కేల్ మోడల్ అన్న మాట, వయసు గీత ఇన్‌వాయిస్‌లో ఉండేలా అమ్మేవారిని అడగండి. ట్రాక్, పాయింట్లు ఒకేసారి తెప్పించుకోవడం మేలు. మీ ప్లానుకి 914 మి.మీ. ఫ్లెక్స్ ముక్కలు 11, మీడియం పాయింట్లు 3, జాయినర్లు ఒక ప్యాకెట్టు. ఇంజిను ఒక్కటే కొనండి, మంచిది కొనండి.

క్రమం ఇలా పెట్టుకుంటే బాగుంటుంది. మొదటి ఏడాది: ఒక్క మాడ్యూలు, స్టేషన్ వైపుది, పట్టా, వైరింగు, ఒక పాయింటు, ఒక ఇంజిను, రెండు వ్యాగన్లు. ఇది క్వార్టర్లో మంచం పక్కన నిలబెట్టినా ఇమిడిపోతుంది. సోల్డరింగ్, వడ్రంగం తప్పులన్నీ దీని మీదే జరగనివ్వండి. రెండో ఏడాది మొదటి సగంలో మిగతా చట్రాలు, పట్టా లేకుండా, రంగు మాత్రం వేసి. ఆఖరి ఆరు నెలలు ఏమీ కొనొద్దు, ఏమీ కట్టొద్దు. పెన్షన్ కాగితాలు, ఆఖరి పీఎంఈ, ఫ్లాట్ రిపేర్లు, క్వార్టర్ ఖాళీ చేయడం, వీటి మధ్య మోడల్ పెడితే ఇంట్లో దాని పేరే చెడుతుంది. ఆ రోజుల్లో ట్రే ఒక్కటి తెరవండి.

ఫ్లాట్‌లోకి మారాక కూడా మూడు నెలలు ఆ గదిలో మాడ్యూళ్లు గోడకి ఆనించి ఉంచండి. ముప్పై ఏళ్ల అర్ధరాత్రి కాల్స్ తర్వాత నిద్ర ఓ దారిన పడటానికి ఆ మాత్రం పడుతుంది. మనవలు వచ్చినప్పుడు, బంధువులు ఉన్నప్పుడు ఆ గది ఎలా వాడుతున్నారో కూడా అప్పటికి తెలుస్తుంది. పొట్టి గోడ మీది పలకల మాడ్యూలుకి బోల్టు బదులు మడతబందులు పెట్టి కిందికి దించేలా చేస్తే ఒక దివాన్ పడుతుంది, ఇంట్లో ఈ ఒక్క మాట చెప్తే గది విషయంలో మళ్లీ చర్చ రాదు. మాడ్యూలు చివరి పట్టీ కొలత, 1100 ఎత్తు, 200 దగ్గర మెయిన్ లైను, ఎర్ర తీగ గోడవైపు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి చట్రం అడుగున అంటించండి. చెన్నైలోనో నెల్లూరులోనో ఇంకో రిటైర్డ్ మిత్రుడు ఇదే కొలతకి కడితే రెండు స్టేషన్లు కలిపి బ్లాక్ వర్కింగ్ (పక్క స్టేషన్ అనుమతితోనే బండి పంపే పద్ధతి) పెట్టుకోవచ్చు, లైన్ క్లియర్ అడిగి తీసుకుని. అప్పుడు ఓవర్‌ల్యాప్ (సిగ్నల్ దాటాక భద్రత కోసం వదిలే ఖాళీ దూరం) 120 మీటర్లకి 1.38 మీటర్లు వదలాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, 300 మి.మీ. చాలు.